"డిసప్పాయింట్ అయ్యాడు" బదులు ఏం రాయాలంటే

కథో సబ్‌టైటిల్సో టైప్ చేసేటప్పుడు, నలుగురిలో ఆశపడి భంగపడ్డవాళ్లకి "నిరాశ చెందాడు" అని పెడితే అందులో సిగ్గు రాదు, పేపర్ వార్తలా ఉంటది. దాని బదులు "చిన్నబోయింది" వాడి, దాని ముందు "మొహం" అని పెట్టి చూడండి. పెళ్లిలో ఫొటోకి పిలుస్తారని చీర సర్దుకుని లేచిన అత్తయ్యని ఎవరూ పిలవలేదు, అప్పుడు "మొహం చిన్నబోయింది". పిలవనివాళ్లు ఆవిడ్ని "చిన్నబుచ్చారు", ఆవిడ అది మనసులో పెట్టుకుంటే "చిన్నబుచ్చుకుంది", ఈ మూడూ కలిపేస్తే తప్పు ఎవరిదో మారిపోద్ది. ఒంటరిగా ఫోన్లో రిజల్ట్ చూసుకున్నవాడికి నిరాశే చాలు. "ఇల్లు చిన్నబోయింది" అన్నచోట మాత్రం ఈ లెక్క పనిచేయదు, అక్కడ సిగ్గేం లేదు, మనుషుల్లేక బోసిపోయిందనే.