ఇమిగ్రేషన్ చట్టం నేర్చుకుందాం – 3వ పాఠం: సెక్షన్ తర్వాత, ముందు తేదీ

పోయిన పాఠంలో రద్దయిన నాలుగు చట్టాల పేర్లు రాసుకున్నాం. 1920 నాటి పాస్‌పోర్టు చట్టం, 1939 నాటి విదేశీయుల రిజిస్ట్రేషన్ చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి క్యారియర్ల బాధ్యత చట్టం. వాటి బదులు ఇప్పుడున్నది ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 2025. అది అమల్లోకి వచ్చింది 2025 సెప్టెంబరు 1న. ఈ తేదీని డైరీ అట్ట లోపల రాసి పెట్టుకోండి.

అనంతపురంలో ఇలాంటి కేసులెక్కడివి అనుకోవద్దు. పక్కనే పుట్టపర్తి ఉంది. జిల్లా వేరైనా అక్కడి లాడ్జీల వాళ్లు సలహాకు ఇటే వస్తుంటారు. ఒకాయన వచ్చాడనుకుందాం. "సార్, మా రూములో దిగినామె వీసా అయిపోయిందంట. నన్ను గూడా లోపలేస్తారా?" టెన్షన్‌లో ఉన్న మనిషికి సెక్షన్లు చెప్పకండి. పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు తెమ్మనండి.

తెల్లకాగితం తీసుకుని తేదీలు ఒకదాని కింద ఒకటి రాయండి: దేశంలో దిగినట్టు ముద్ర పడిన రోజు, వీసా గడువు, లాడ్జిలో దిగిన రోజు, విదేశీయులు దిగారని లాడ్జి వాళ్లు అధికారులకు ఇచ్చే ఫారం (పాత పేరు సి-ఫారం) ఆన్‌లైన్‌లో పంపిన రోజు, గంటతో సహా. 24 గంటల్లోపు పంపిన రుజువుంటే మన లాడ్జి ఆయనకు సగం ఊరట. ఒక చిక్కుంది. వీసా ఏడాదికి ఇచ్చినా, ఒక్కో రాకకు 90 రోజులకు మించి ఉండనివ్వని టూరిస్టు వీసాలున్నాయి. గడువొక్కటే చూసి "ఇంకా టైముంది సార్" అనే జూనియర్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇప్పుడు సెక్షన్. గడువు మీరి ఉంటే 1946 నాటి విదేశీయుల చట్టం 14వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. కొత్త చట్టం 23వ సెక్షన్‌లో మూడేళ్ల దాకా జైలు, లేదా మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "కొత్త చట్టం కఠినం" అని అందరూ అంటారు గానీ, ఇక్కడ జైలు తగ్గింది. దొంగ పాస్‌పోర్టు, దొంగ వీసాల దగ్గర మాత్రం మాట నిజమే: 22వ సెక్షన్‌లో కనీసం రెండేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు.

నేరం జరిగిన నాటికున్న శిక్షను మించి వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణం. తర్వాతి చట్టం శిక్ష తగ్గిస్తే ఆ మేలు నిందితుడికి దక్కాలని టి. బరాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పిటిషన్‌లో ఈ రెండూ పక్కపక్కనే ఉండాలి.

పాత ఫైలు మీదే టైపు చేయించి, అలవాటు కొద్దీ పాత సెక్షన్ అలాగే ఉంచేసి నేనూ ఒక పిటిషన్ వెనక్కి తెచ్చుకున్నాను. క్లయింటుకు ఒక వాయిదా దండగ.

అభ్యాసం: వీసా గడువు 2025 ఆగస్టు 10. ఎఫ్‌ఐఆర్ సెప్టెంబరు 20. ఆమె ఆ 41 రోజులూ లాడ్జిలోనే ఉంది. ఏ రోజులు ఏ చట్టం కిందికి వస్తాయో చట్టం రద్దయ్యాక పాత నేరాల సంగతేంటో చెప్పే 1897 జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ చదివి, అరపేజీలో రాయండి.