ఓపల్ ఉంగరం: రంగు పోతే, పసుపెక్కితే, పగుళ్లు వస్తే

పూజలో పెట్టిన ఓపల్ సాయంత్రానికి గాజుముక్కలా తేలిపోయిందంటే ఇంట్లో మొదట వచ్చే మాట "రాయి మనకు పడలేదు" అని. చాలాసార్లు రాయికి పడనివి మనం పోసిన పాలూ, నెయ్యీ.

ముందు ఏ రాయో తేల్చుకోండి

ఓపల్ అంటే సిలికా, దాంట్లో ఇమిడిపోయిన నీరు. నీటి పాలు మామూలుగా 6 నుంచి 10 శాతం. ఆస్ట్రేలియా రాయి బయటి నీళ్లు పీల్చదు. 2008 తర్వాత మార్కెట్లోకి బాగా వచ్చిన ఇథియోపియా వొల్లో రాయి స్పాంజిలా పీలుస్తుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, గుంటూరులో కొన్నా రాయి ఏ దేశానిదో బిల్లు మీద రాయించుకోండి.

బిల్లు లేకపోతే భూతద్దంతో రాయిని పక్కనుంచి చూడండి. అతుకు గీత తిన్నగా కనిపిస్తే అది డబ్లెట్, అంటే పలచటి ఓపల్ పొరను వేరే అడుగుకు జిగురుతో అతికించినది. పైన గాజులాంటి మూత కూడా ఉంటే ట్రిప్లెట్. వీటిని నీళ్లలో వేయకండి. గీత లేకపోతే వెనకవైపు ఒక్క నీటిచుక్క వేసి పది నిమిషాలు ఆగండి. ఇంకిపోతే చాలావరకు ఇథియోపియా రాయి. బొట్టుగానే నిలిస్తే బహుశా ఆస్ట్రేలియాది. 'బహుశా' అనడం ఎందుకంటే, సందులు పూడేలా రెసిన్ (గట్టిపడే జిగురు) పట్టించిన ఇథియోపియా రాయి కూడా నీళ్లు పీల్చదు.

తడవగానే రంగులు మాయం

కారణం: రాయి లోపల కంటికి కనిపించని సిలికా గోళాలు వరసగా పేర్చి ఉంటాయి. రంగుల మెరుపు ఆ వరసల వల్లే వస్తుంది. వాటి మధ్య సందుల్లో నీళ్లు నిండితే మెరుపు చచ్చి, రాయి పారదర్శకంగా మారుతుంది. పాడైపోలేదు.

పరిష్కారం: మెత్తటి నూలుగుడ్డతో అద్ది, నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట ఉంచండి. కొన్ని గంటల్లో తేరుకునే రాళ్లున్నాయి, వారం తీసుకునేవీ ఉన్నాయి. వానాకాలంలో ఇంకా ఆలస్యం. హెయిర్ డ్రైయర్, ఎండ, బల్బు వేడి వద్దు. విడి రాయైతే కంసాలి దగ్గర కెరట్ల కాటా మీద రోజూ తూచండి. బరువు పాత అంకెకు వచ్చి నిలిచిందంటే ఆరినట్టు.

పసుపు రంగు పట్టింది, లేదా మసకబారింది

ఎక్కువగా చెడేది ఇక్కడే. పసుపు, కుంకుమ, నెయ్యి, అత్తరు, చెమట అన్నీ ఇథియోపియా రాయి లోపలికి దిగుతాయి. రాయి వేలికి తగలాలని ఉంగరం వెనక తెరిచి కట్టిస్తారు కదా, సబ్బు నురగకు అదే దారి. ఇక మే నెలలో ఆ చేత్తోనే ఆవకాయ కలిపితే కారం ఎరుపూ, నూనె జిడ్డూ ఒకేసారి దిగుతాయి.

నీళ్లలో కరిగే మరకైతే గది వేడిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్‌లో రాయి మునిగేలా మూడు నాలుగు రోజులు ఉంచి, రోజూ నీళ్లు మార్చండి. తర్వాత పైన చెప్పినట్టే నిదానంగా ఆరనివ్వండి. నూనె దిగితే దీనికి లొంగదు. రాళ్లు సానపట్టేవాళ్లకే ఇవ్వండి. నెయిల్ పాలిష్ రిమూవర్ ప్రయోగం మాత్రం చేయకండి, అతికించిన రాయైతే జిగురు ఊడుతుంది, రంగు వేసిన రాయైతే రంగు దిగుతుంది.

మరి పూజ ఎలా? ఓపల్‌ను శుక్రుడికి, వజ్రానికి బదులుగా, ఉపరత్నంగా ధరిస్తారు. శుక్రవారం సూర్యోదయం నుంచి మొదటి గంట శుక్ర హోర. వెండి పళ్లెంలో శుక్రుడి ధాన్యమైన బొబ్బర్లు పోసి, పైన తెల్లగుడ్డ పరిచి ఉంగరం పెట్టండి. పంచామృతం పక్కన గిన్నెలో నివేదనగా ఉండనివ్వండి. ప్రోక్షణ తప్పదంటే తడివేలితో వెండి కట్టుకు తాకిస్తే చాలు. అక్షతల్లో పసుపు ఉంటుంది కాబట్టి తెల్లబియ్యం వాడండి. "ఓం శుం శుక్రాయ నమః" జపానికి రాయి తడవాల్సిన పనిలేదు.

సాలెగూడులా పగుళ్లు

లోపలి నీరు వేగంగా పోవడం, వేడి ఒక్కసారిగా మారడం కారణాలు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద మర్చిపోయిన ఉంగరం, వేడి కుంకుడు రసంలో కడిగిన ఉంగరం ఇలాగే పోతాయి. పగులు పైపైనే ఉంటే సానపట్టి తీయొచ్చు, బరువు తగ్గుతుంది. లోతుకి పోతే మందు లేదు. కొబ్బరినూనె రాస్తే నాలుగు రోజులు కనపడదంతే. అమ్మేవాళ్లు నూనె రాసి చూపిస్తే తుడిపించి చూడండి.

అంచు నుంచి తెల్లటి మబ్బు

డబ్లెట్, ట్రిప్లెట్ల జిగురులోకి తడి చేరింది. విడదీసి మళ్లీ అతికించాలి. ట్రిప్లెట్‌కైతే కూలి రాయి ధరను దాటొచ్చు.

పైన గీతలు, మెరుగు తగ్గడం

మోస్ కొలతలో ఓపల్ గట్టిదనం 5.5 నుంచి 6.5. రోడ్డు దుమ్ములోని క్వార్ట్జ్ ఇసుకది 7. పొడిగుడ్డతో దుమ్ము రుద్దడమంటే గీయడమే, ముందు ఊది దులపాలి. టూత్‌పేస్టు, వంటసోడా, షాపులోని అల్ట్రాసానిక్ తొట్టి మూడూ వద్దు. గీతలకు సీరియం ఆక్సైడ్‌తో మళ్లీ మెరుగు పెట్టిస్తారు.

సైజు మార్పించాక రాయి పగిలింది

ఊదుగొట్టం మంట తగిలింది. సైజు మార్చే ముందు రాయి విప్పించి మీ చేతికి తీసుకోండి. వెండి పూర్తిగా చల్లారాకే కట్టించండి, వేడి మీద నీళ్లలో ముంచి వెంటనే బిగించే అలవాటు కొందరికి ఉంది.