టెర్మినల్‌లో తెలుగు సామెతలు: ఫార్చ్యూన్ ప్రోగ్రామును మన భాషకు అమర్చుకొనే పద్ధతి

లినక్సు టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే తెరలో, అడిగిన ప్రతిసారీ ఒక సూక్తినో చమత్కారాన్నో యాదృచ్ఛికంగా ఎంచి చూపే చిన్న ప్రోగ్రాము ఫార్చ్యూన్. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ వెర్షన్ నాటికే ఇది ఉంది. ఇప్పుడు మనకు దొరికేది ఫార్చ్యూన్-మాడ్ అనే రూపం. దానితో వచ్చే మాటలు దాదాపుగా ఆంగ్లంలోనే ఉంటాయి కనుక, వాటి స్థానంలో మన సామెతలను చేర్చుకున్నప్పుడే ఇది తెలుగువారికి నిజంగా పనికివస్తుందని నా నమ్మకం. ఆ చేర్చుకొనే పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. కమాండ్లను తెలుగు లిపిలో రాశాను; టెర్మినల్‌లో వాటిని ఆంగ్ల చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ఉబుంటు, డెబియన్ వాడేవారు సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫార్చ్యూన్-మాడ్ అనే కమాండుతో దీనిని ఎక్కించుకోవచ్చు. ఆ తరువాత ఫార్చ్యూన్ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే ఒక వాక్యం కనిపిస్తుంది.

ఇక మన ఫైలు సంగతి. ఏదైనా టెక్స్ట్ ఎడిటర్‌లో సామెతలు అని, పేరును మాత్రం ఆంగ్ల అక్షరాలతో, ఒక ఫైలు తెరవండి. ఒక్కొక్క సామెతను రాసి, రెండింటి మధ్య ఒక వరుసలో శాతం గుర్తును మాత్రమే ఉంచాలి.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత
%
ఊరంతా వడ్లెండబెట్టుకుంటే నక్క తోక ఎండబెట్టుకుందట
%
అడుసు తొక్కనేల, కాలు కడగనేల

ఫైలును యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో (యూనికోడ్ అంటే అన్ని లిపులకూ ఉమ్మడిగా వాడే అక్షర సంకేతాలు) సేవ్ చేసి, అది ఉన్న ఫోల్డరులోనే స్టర్‌ఫైల్ అనే కమాండు పక్కన ఫైలు పేరు రాసి నడపాలి. ఈ కమాండు పేరులో ఎస్, టి, ఆర్ అక్షరాల తరువాత ఫైల్ అనే మాట వస్తుంది. ఇది ప్రతి సామెత ఫైలులో ఎక్కడ మొదలవుతుందో లెక్కకట్టి, డాట్ డిఏటి అనే చివర గల సూచికను తయారుచేస్తుంది. తరువాత ఫార్చ్యూన్ అని రాసి, పక్కన మన ఫైలు పూర్తి పాత్ (అది ఏ ఫోల్డరులో ఉందో తెలిపే చిరునామా) ఇస్తే ఒక తెలుగు సామెత వస్తుంది.

స్టర్‌ఫైల్ నడిచినప్పుడు మొత్తం ఎన్ని మాటలు దొరికాయో తెరపై చూపుతుంది. ఆ అంకెను తప్పక చూడాలి. వందల సామెతలు రాసినా ఒక్కటే ఉన్నట్టు చూపితే, శాతం గుర్తు వెనుక కంటికి కనబడని అక్షరం ఏదో ఉందని అర్థం. ఆ గుర్తు తరువాత ఒక్క ఖాళీ ఉన్నా ప్రోగ్రాము దానిని సరిహద్దుగా గుర్తించదు. విండోస్‌లో తయారైన ఫైలులో ప్రతి వరుస చివర అదనపు అక్షరం ఉంటుంది కనుక అక్కడా ఇదే ఇబ్బంది వస్తుంది. డాస్‌టుయూనిక్స్ అనే కమాండు (పేరులో టు స్థానంలో 2 అంకె వేయాలి) దానిని తొలగిస్తుంది. హైదరాబాదులోని డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన పాఠమైతే ఇంకొక జాగ్రత్త అవసరం. ‘అను’ వంటి పాత ఫాంట్లలో కూర్చిన తెలుగు యూనికోడ్ కాదు కనుక, ముందుగా మార్చుకోకపోతే టెర్మినల్‌లో అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి.

ఫార్చ్యూన్ కమాండు పక్కన రాసి పొట్టి మాటలనే కోరే హైఫన్ ఎస్ ఆప్షన్ విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసినది ఉంది. ఫార్చ్యూన్ 160 వరకు ఉన్నదానిని పొట్టిగా లెక్కిస్తుంది, అయితే అది లెక్కించేది అక్షరాలను కాదు, కంప్యూటరు నిల్వను కొలిచే బైట్లను. యూటీఎఫ్-8లో తెలుగు అచ్చుకూ, హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు పడతాయి. మన కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘ట్లో’కు 12 బైట్లు కావాలి. పైన ఇచ్చిన ఈగల మోత సామెత 81 బైట్లతో సరిపోతుంది కానీ, నాలుగు పాదాల ఆటవెలది పద్యం సాధారణంగా 160 దాటిపోతుంది, కనుక హైఫన్ ఎస్ ఇచ్చినప్పుడు పద్యాలు రానే రావు. అటువంటప్పుడు హైఫన్ ఎన్ తరువాత 500 అని రాసి, దానితోపాటు హైఫన్ ఎస్ ఇస్తే హద్దు పెరుగుతుంది.

సామెతలకు ఒక ఫైలు, పద్యాలకు మరొకటి పెట్టుకోవడం మంచిది. రెండింటినీ కలిపి అడిగితే, ఎక్కువ మాటలున్న ఫైలు నుంచే ఎక్కువసార్లు వస్తుంది. సమానంగా రావాలంటే హైఫన్ ఈ ఇవ్వాలి, లేదా ఫైలు పేర్లకు ముందు 70%, 30% అని వాటా రాయాలి. ఫలానా మాట ఉన్న సామెతలన్నీ చూడాలంటే హైఫన్ ఎమ్ తరువాత ఆ మాట ఇస్తే చాలు. అయితే ‘నీరు’ అని వెదికితే ‘నీటి’, ‘నీళ్లు’ ఉన్నవి రావు కనుక విడివిడిగా వెదకాలి.

ఏ సామెతలు చేర్చాలన్నది సాంకేతిక విషయం కాకపోయినా, నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఇంట్లో పెద్దలు చెప్పే మాటలను వారు పలికినట్టే రాసుకోవాలి. తెలంగాణ ఇళ్లలో వినిపించే ‘ఇంట్ల ఈగల మోత’ను ‘ఇంట్లో’ అని దిద్దనవసరం లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై దొరికే పాత పుస్తకాలూ, సుల్తాన్ బజారులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం వంటి గ్రంథాలయాలూ వెదకదగినవే. కులాలను, స్త్రీలను, వికలాంగులను కించపరిచే సామెతలు మన భాషలో చాలా ఉన్నాయి. పరిశోధనకు వాటిని వేరే ఫైలులో భద్రపరచవచ్చు గానీ, కాలేజీ ల్యాబులోనో ఆఫీసులోనో నలుగురికీ కనిపించే తెరపైకి అవి రాకూడదు. యాదృచ్ఛికంగా వచ్చేది ఎవరి ఎదుట వస్తుందో మన చేతిలో ఉండదు.

చాలా టెర్మినళ్లు ప్రతి గుర్తుకూ సమానమైన గడి కేటాయిస్తాయి కనుక, ఒత్తులు విడిపోయి కనిపించవచ్చు. ముందు ఫాంట్స్-టెలు ప్యాకేజీతో పోతన, వేమన ఫాంట్లను ఎక్కించి చూడండి. అయినా సరిపడకపోతే నోటిఫై-సెండ్ కమాండుకు ఫార్చ్యూన్ ఇచ్చిన మాటను అందించండి. డెస్క్‌టాప్ మూలన కనిపించే ఆ చిన్న పెట్టెలో తెలుగు సాధారణంగా సక్రమంగా కూర్చుంటుంది.

టెర్మినల్ తెరవగానే సామెత రావాలంటే, హోమ్ ఫోల్డరులోని డాట్ బాష్‌ఆర్‌సీ ఫైలు చివర ఫార్చ్యూన్ కమాండును చేర్చాలి. చివరనే చేర్చడానికి కారణం ఉంది: ఉబుంటులో ఆ ఫైలు మొదట్లోనే మనిషి ఎదురుగా లేని సెషన్లను వెనక్కి పంపే తనిఖీ ఉంటుంది. దూరపు సర్వరులోని ఆ ఫైలులో దానికంటే ముందు రాస్తే, ఆ సర్వరుకు ఎస్‌సీపీ అనే కమాండుతో ఫైళ్లు పంపేటప్పుడు సామెత అడ్డుపడి బదిలీ చెడవచ్చు. కొత్త సామెత చేర్చిన ప్రతిసారీ స్టర్‌ఫైల్‌ను మళ్లీ నడపాలి. లేకపోతే ఫైలు చివర చేర్చినది అసలు రాదు; మధ్యలో చేర్చితే సూచికలోని పాత లెక్కల వలన మాట మధ్యలో మొదలవుతుంది, ఒక్కొక్కసారి తెలుగు అక్షరపు మూడు బైట్ల నడుమనే తెగి ప్రశ్నార్థకపు గుర్తులు కనిపిస్తాయి.