బిట్‌కాయిన్‌కి హెడ్జ్ వేశాం కదా అని పడుకునేవాళ్ళు ఒకసారి మార్జిన్ చూసుకోండి

2025 అక్టోబర్ 11 తెల్లారుజామున మనం నిద్రలో ఉండగా ట్రంప్ చైనా మీద ఇంకో 100 శాతం టారిఫ్ అన్నాడు, 24 గంటల్లో 1,900 కోట్ల డాలర్లకి పైగా క్రిప్టో పొజిషన్లు లిక్విడేట్ అయిపోయాయి, అంటే పూచీ డబ్బు చాలక ఎక్స్ఛేంజ్‌లే మూసేశాయి. హెడ్జ్ అంటే రేటు పడితే వచ్చే నష్టాన్ని పూడ్చుకోడానికి వేసే ఎదురు పందెం. మధురవాడలో మా ఫ్రెండ్ ఒకడు ముందురోజు రాత్రి కూడా "హెడ్జ్ ఉంది కదరా, నాకేటవుద్ది" అన్నాడు. పొద్దున్న లేచి చూస్తే హెడ్జే లేదు. అది నాలుగైదు రోజుల ముందే పోయింది, మెయిల్ వచ్చింది, వాడు తెరవలేదు.

అప్పు చేసి పెట్టకండి, ఓటీపీ చెప్పకండి లాంటివి మీకు తెలుసు, అవి రాయను. నేను చెప్పేది ఒక్కటే, షార్ట్ (రేటు పడితే లాభమొచ్చే పందెం) కింద పూచీగా పెట్టే డబ్బు, అంటే మార్జిన్.

మా ఫ్రెండ్ దగ్గర 5 లక్షల రూపాయల బిట్‌కాయిన్ ఉంది, పడిపోతే కాపాడాలని 5 లక్షలకే ఫ్యూచర్స్‌లో (కాయిన్ కొనకుండా దాని రేటు మీద వేసే ఒప్పందాలు) షార్ట్ వేశాడు, అదీ 10ఎక్స్ లెవరేజ్‌లో, అంటే పెట్టినదానికి పది రెట్ల పొజిషన్, మార్జిన్ 50 వేలే. సెప్టెంబర్ ఆఖర్లో 1,13,000 డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ అక్టోబర్ 6కి 1,26,000 దాటింది, 10 శాతం పైన పెరిగేసరికి ఆ 50 వేలూ ఊడ్చుకుపోయి షార్ట్ మూసేశారు. కాయిన్ వైపు లాభం వచ్చింది నిజమే, కానీ ఆ కాయిన్ వేరే వాలెట్‌లో ఉంది, ఇక్కడ మార్జిన్‌కి అక్కరకు రాదు కదా. తర్వాత 1,05,000 దగ్గరికి పడింది. ఆపడానికి ఏమీ లేదు. అసలు హెడ్జే వెయ్యకపోయుంటే ఆ 50 వేలన్నా మిగిలేవి.

అందరూ రేటు పడితే ఏంటని ఆలోచిస్తారు, హెడ్జ్‌ని చంపేది మాత్రం రేటు పెరగడం. మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోటు కట్టేవాళ్ళు పోటు వస్తే లేచేంత తాడు వదులుతారు, బిగించి కడితే తాడే తెగుద్ది. మార్జిన్ కూడా అంతే. 2ఎక్స్ దాటొద్దు, పక్కన ఇంకొంత యూఎస్‌డీటీ (డాలర్ విలువకి కట్టిన కాయిన్) అదే అకౌంట్‌లో ఉంచండి.

ఫండింగ్ (షార్ట్ వేసినోళ్ళూ, రేటు పెరుగుద్దని వేసినోళ్ళూ ఒకరికొకరు కట్టుకునే రుసుము) చూసుకోండి, చాలాచోట్ల 8 గంటలకోసారి కడతారు, మైనస్‌లోకి వెళ్తే షార్ట్ వేసినోళ్ళే కట్టాలి, నెలల తరబడి ఉంచితే అదే తినేస్తుంది.

బిట్‌కాయిన్ షార్ట్ పెట్టి ఆల్ట్‌కాయిన్లకి (బిట్‌కాయిన్ కాని మిగతా కాయిన్లు) హెడ్జ్ అనుకోకండి, ఆ రాత్రి కొన్ని సగానికి పైగా పడ్డాయి.

లాభంలో ఉన్న షార్ట్‌ని కూడా ఎక్స్ఛేంజే మూసెయ్యొచ్చు, ఆటో డీలెవరేజింగ్ అంటారు, ఆ రాత్రి చాలామందికి అదే జరిగింది, మొత్తం ఒక్కచోటే పెట్టకండి.

మన దగ్గర కాయిన్ అమ్మి లాభమొస్తే 30 శాతం ట్యాక్స్, నష్టమొస్తే దేనికీ సర్దుకోడానికి లేదు, కాబట్టి అటు పోయింది ఇటు వచ్చింది చెల్లుకి చెల్లు అనుకోవద్దు, ముందే సీఏని అడగండి.

ఒక వైపే మూసెయ్యకండి. మూస్తే రెండూ మూయండి. "ఇంకా పడేలా ఉంది" అని కాయిన్ అమ్మేసి షార్ట్ ఉంచుకుంటే అది హెడ్జ్ కాదు, జూదం.

లెవరేజ్ పెంచొద్దు. మార్జిన్ తీసి వేరే ట్రేడ్‌లో పెట్టొద్దు. మార్జిన్ తీయొద్దు అంటున్నాను, ఒక్క పూటకి కూడా.

షార్ట్ లిక్విడేషన్ రేటు కాగితం మీద రాసి పెట్టుకోండి, బిట్‌కాయిన్ దానికి సగం దూరం వచ్చిందంటే ఆరోజే డబ్బు వెయ్యండి. మెయిల్ వస్తే తెరవండి. పడుకునే ముందు షార్ట్ బతికే ఉందో లేదో చూడండి.