కోనసీమలో గుర్రాన్ని సాకేవారికి పందెపు లాయం పద్ధతి

హైదరాబాదు మలక్‌పేట రేసుకోర్సులో పరుగు చాలించిన ఒక ఆడగుర్రాన్ని తెచ్చి, మా లంక గ్రామంలో కొబ్బరితోట అంచున సాకుతున్నాను. అంతకుముందు పందెపు గుర్రాలను తయారుచేసే లాయంలో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడి సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, తెల్లవారుజామున లోపలికి రాగానే దాణా వేయడు, జీను కట్టడు. ముందుగా రాత్రి వేసిన దాణా తొట్టిలో మిగిలిందా, లద్ది ఎప్పటిలాగే పడిందా, బకెట్టులో నీళ్లు ఎంత తగ్గాయి అని చూస్తాడు. దాణా మిగిల్చిన గుర్రాన్ని ఆ రోజు పరుగుకు తీయరు. ఇంటి దగ్గర ఒక్క గుర్రాన్ని పెంచేవారు కూడా మొదట అలవరచుకోవలసింది ఈ చూపే.

తరువాత కాళ్లు తడమాలి. ముంగాలి మోకాలి కింద, ఎముక వెనక నిటారుగా దిగే స్నాయువును, మనవాళ్లు నరం అనేదాన్ని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పైనుంచి కిందికి మెల్లగా జార్చండి. ఆరోగ్యంగా ఉన్న నరం బిగించిన తాడులా గట్టిగా, చల్లగా, నున్నగా తగులుతుంది. ఒక కాలితో మరో కాలిని పోల్చినప్పుడు ఒకచోట కాస్త వేడి, కాస్త మెత్తదనం తగిలితే, గుర్రం కుంటకపోయినా పని ఆపి పశువైద్యుణ్ణి పిలవాలి, ఎందుకంటే తెగడం మొదలైన నరం మానడానికి నెలలు పడుతుంది.

డెల్టాలో అసలు చిక్కు తేమ. మన నల్లమట్టి వర్షాకాలంలో గిట్టల అడుగున అతుక్కుని ఆరదు, గిట్ట మధ్యనున్న ముక్కోణపు మెత్తని భాగం కుళ్లి నల్లటి జిగురు, దుర్వాసన వస్తాయి. కాబట్టి రోజుకు రెండుసార్లు గిట్టలను శుభ్రంగా గీకి, తుడిచి, ఎత్తుగా కట్టిన పొడి నేల మీద గుర్రాన్ని నిలపాలి. పరుపుగా ఊక గానీ బాగా ఎండిన కొబ్బరి పొట్టు గానీ వేస్తే మూత్రాన్ని పీల్చుకుంటాయి. తడిసిన భాగాన్ని మాత్రం రోజూ తీసివేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి గిట్టలు కోయించి, లాడాలు వేసి ఉంటే మార్పించాలి.

మేత విషయంలో మన ప్రాంతపు అలవాట్లు కొన్ని గుర్రానికి ప్రమాదకరం. గేదెలకు వేసినట్టు వరిగడ్డి ఎక్కువగా వేస్తే పేగులో గట్టిపడి కడుపునొప్పి వస్తుంది, పైగా గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. అదే ప్రధాన ఆహారమైతే శరీరం ఎముకల్లోని సున్నాన్ని లాగేసుకుని, ముఖపు ఎముకలు ఉబ్బుతాయి. కాగితపు మిల్లుల కోసం పెంచే సుబాబుల్ ఆకు మేపితే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. అన్నింటికన్నా ముఖ్యంగా, కోళ్ల మేత సంచులు గుర్రానికి అందనివ్వకండి: దానిలో కలిపే మోనెన్సిన్ అనే మందు కొద్దిగా తిన్నా గుర్రం గుండె కండరం దెబ్బతిని చనిపోవచ్చు. 450 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 7 కిలోల మంచి ఎండుగడ్డి, లేదా దానికి తగినంత పచ్చగడ్డి, కొద్దికొద్దిగా పలుమార్లు వేయాలి, ఎందుకంటే గుర్రం పొట్టలో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి. ఉలవలు ఉడికించి మితంగా పెట్టవచ్చు.

ఉక్కపోతలో చెమట ఆరదు, అందువల్ల శరీరం చల్లబడదు. వేసవిలో పని తెల్లవారుజామునే ముగించి, రాగానే చల్లని నీళ్లు ఆగకుండా ఒంటి మీద పోయండి. వేడి ఒంటికి చన్నీళ్లు తగిలితే కండరాలు పట్టేస్తాయన్న భయం అక్కర్లేదు. దాణాలో ఉప్పు కలపండి. చెమట పట్టవలసిన సమయంలో ఒళ్లు పొడిగా ఉండి, ఊపిరి వేగంగా ఆడుతుంటే అది చెమట గ్రంథులు పనిచేయని జబ్బు. నీడలోకి తెచ్చి, తడుపుతూ డాక్టరుకు కబురు పెట్టండి.

తొలకరి తరువాత జోరీగలు పెరుగుతాయి, వాటి ద్వారా సర్రా అనే, రక్తంలో పరాన్నజీవి చేరి విడిచి విడిచి జ్వరం తెచ్చే వ్యాధి వస్తుంది. ఒక ఏడాది మా గుర్రానికి సాయంత్రం 103 డిగ్రీలు చూశాను, తెల్లారేసరికి 100 ఉంది. వానలో తడిసిందని సరిపెట్టుకున్నాను. ఆరు రోజులకు మళ్లీ అదే జరిగింది, పొట్ట కింద వాపు కనిపించింది. రోజూ రాసిపెట్టిన నోటుపుస్తకం ముందు పెట్టాకే డాక్టరుగారు రక్తం తీసి చూశారు. అప్పటికే అది బాగా చిక్కిపోయింది, నేను ముందే పుస్తకం తిరగేసి ఉండవలసింది. గుర్రానికి మామూలు వేడి 99 నుంచి 101 డిగ్రీలు, గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. మీ గుర్రం లెక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసుకోండి.

లంకల్లో ఉండేవారు మరొకటి చేయాలి. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేనాటికే గుర్రం గట్టు దాటి ఉండాలి. బెదిరిన గుర్రం ఆ రోజు లారీ ఎక్కదు, కాబట్టి మే నెలలోనే వారానికి ఒకటి రెండుసార్లు ఆగి ఉన్న లారీలోకి దాణా చూపించి ఎక్కించి, దించడం అలవాటు చేయండి.