కెన్యా నుంచి స్వదేశానికి వచ్చే మిషనరీ కుటుంబాలకు జాగ్రత్తలు

ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రాలను పాస్‌పోర్టులతో పాటు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉన్నందున, చెల్లుబాటయ్యే పత్రం లేకుండా భారత విమానాశ్రయంలో దిగినవారిని 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది కనుక, చివరి నిమిషంలో పరుగెత్తి ప్రయోజనం లేదు.

అక్కడ పుట్టిన బిడ్డ ఉంటే, తల్లిదండ్రులిద్దరూ భారతీయులే అయినా, ఏడాదిలోగా నైరోబీలోని భారత హైకమిషన్‌లో జననం నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి అవసరమవుతుంది. అన్నిటికంటే ముందు చూసుకోవలసిన పని ఇదే.

అక్కడి చర్చి సంఘస్థులు ప్రేమతో ఇచ్చే వీడ్కోలు కానుకలను కాదనడం కష్టమే. అయినా ఏనుగు దంతంతో, అడవి జంతువుల చర్మంతో చేసిన వస్తువులను, విత్తనాలను పెట్టెలో పెట్టకూడదు. కిసీ ప్రాంతపు మెత్తరాతి బొమ్మలు ఇట్టే విరుగుతాయి కాబట్టి వాటిని కాంగా వస్త్రాల్లో చుట్టి, పెట్టె మధ్యలో సర్దాలి.

సంఘం లెక్కలను, బ్యాంకు సంతకాల అధికారాన్ని రాతపూర్వకంగా అప్పగించాలి. పిల్లల బదిలీ పత్రాలను పాఠశాల ముద్రతో తీసుకోవాలి.

వచ్చిన మొదటి ఆదివారమే సాక్ష్యం, అంటే తమ విశ్వాస అనుభవాలను, చెప్పమని ఇక్కడి సంఘాలు పిలుస్తాయి. కొంత విశ్రాంతి తీసుకున్నాకే ఒప్పుకోవడం మేలని నా అభిప్రాయం. ఆ తరువాత ఎవరికి జ్వరం వచ్చినా, నెలలు గడిచినా సరే, మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చామని వైద్యునికి మొదటే చెప్పాలి.