పూవన్ అడిగితే కర్పూరం వచ్చింది

పెరట్లో అమృతపాణి అరటి వేద్దామనుకున్నాను. కేరళ స్నేహితుడు "మా దగ్గర దాన్నే పూవన్ అంటాం" అన్నాడు, ఆ మాట పట్టుకుని తమిళనాడు నర్సరీ నుంచి పూవన్ పిలకలు తెప్పించాను. గెల పండాక తింటే పులుపు తీపి కలిసిన మన కర్పూర చక్కెరకేళి! పిలక అమ్మినాయన తప్పేం లేదు, స్నేహితుడిదీ కాదు. తమిళనాడు పూవన్ అంటే మన కర్పూరం, దాన్ని కేరళలో పాళయంకోడన్ అంటారు. కేరళ పూవన్ అంటే మన అమృతపాణి, అది తమిళనాడులో రస్తాలి, కన్నడంలో రసబాళె.

ఏడాది పోయిందని చాలా బాధేసింది.

ఇప్పుడు పేరు పక్కన రాష్ట్రం రాసుకుంటున్నాను, దాంతోపాటు ఉపవర్గం కూడా అడుగుతాను: అమృతపాణి సిల్క్, కర్పూరం మైసూర్. రెండూ ఏఏబీ అనే ఒకే జన్యు వర్గానివే కాబట్టి ఆ వర్గమొక్కటే అడిగితే తేలదు. మొక్క లేతగా ఉన్నప్పుడు ఆకు అడుగున నడిమి ఈనె చూడండి, గులాబీ రంగు ఉంటే కర్పూరమే. అమృతపాణి అయితే బాగా పండాక కాయలు గెల నుంచి రాలిపోతాయి, కర్పూరం అలా రాలదు. ఈసారి రస్తాలి అని అడిగి తెప్పించాను, ఈనె చూశాకే నాటాను.